రెండో పేలిక

మా మిస్త్రీ కాక చనిపోయాడు. పోయిన సోమవారం పొద్దున బాపు దోస్తు, టాక్సీ నడిపే భాయ్, జహనుమా నుంచి సైదాబాద్‌లో మా ఇంటి దాకా వచ్చి ఆ కబురు చెప్పాడు. ఇంజను ఆపకుండానే బండి దిగాడు. ఆపితే మళ్ళీ స్టార్టు చేయడానికి నలుగురు తొయ్యాలి. నేను తలుపు తీసేసరికే గల్లీ అంతా నీలం పొగ. ఎదురింటి ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని "పొద్దుపొద్దుగాల ఏం బండి తెచ్చినవయ్యా" అని లొల్లి మొదలుపెట్టింది. ఆయన పట్టించుకోలేదు.

"బేటీ, మిస్త్రీ గయా" అన్నాడు. "రాత్రంత దమ్ము వట్టింది. తెల్లారంగ ఆగింది."

"అమ్మకు చెప్పినవా భాయ్?"

"మీ అమ్మకు నేనేం చెప్పాలె? గోడ పక్కనే గదా. నాకన్న ముందే ఎర్కై ఉంటది."

నాకు ఏడుపు రాలేదు. కాసేపు ఆ పొగలోనే నిలబడ్డాను. ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా వంటింట్లో తాలింపు వాసనతో కలిసి పెరిగిన వాసన అది.

చనిపోయినవాళ్ళ మీద రాసేటప్పుడు ఎవరి కలమైనా దానంతటదే మెత్తబడుతుంది. నాకు అది చేతకాదు, మా ఇంట్లో అందరికీ తెలుసు. అందుకని ఉన్నమాట మొదటే చెబుతున్నాను. మా బాపు కాలిపోయి చనిపోయాడు. అది మిస్త్రీ కాక చేతి పొరపాటు వల్ల జరిగింది. ఆ సంగతి తెలిసినవాడు ఆయనొక్కడే. ఆయనే వచ్చి చెప్పాడు. చెప్పకపోతే ఇవాళ్టికీ ఎవరికీ తెలిసేది కాదు. ఆయన గురించి నేను రాయడానికి కారణం అదే.

జహనుమాలో మా ఇంటికీ ఆయన షెడ్డుకూ మధ్య ఒకటే గోడ. ఇవతల మా వంటిల్లు, అవతల ఆయన బండ్లు బాగు చేసే రేకుల షెడ్డు, దాని వెనకే ఆయన ఇల్లు. బస్తీ అంతా ఆయన్ని మిస్త్రీ అనేది. బాపును ఆయన అన్నా అనేవాడు కాబట్టి నాకు కాక అయ్యాడు, అమ్మ ఆయనకు వదినె అయింది. పొట్టి మనిషి. ఎప్పుడూ ఒకవైపు వంగి నడిచేవాడు, చేతిలో పానా లేకపోయినా ఉన్నట్టే. ఆదివారం చర్చికి పోయే ముందు నిమ్మచెక్క, ఇసుక పెట్టి చేతులు రుద్దుకునేవాడు. అయినా గోళ్ళ చుట్టూ నలుపు పోయేది కాదు. వాళ్ళావిడ విసుక్కుంటే "దేవునికి తెల్వదా నా పనేందో" అనేవాడు.

పాత బండిని స్టార్టు చేసే ముందు ఆయన మా గోడ మీద పానాతో రెండు దెబ్బలు కొట్టేవాడు. కిటికీ మూసుకొమ్మని అమ్మకు అది సైగ. అమ్మ తిట్టుకుంటూ లేచి మూసేది. "అన్నమంత పొగ వాసన కొడ్తున్నదని మీ అన్న అలుగుతుండు" అని గోడకు అరిచేది.

"కూరల జరంత ఇంజనాయిలు పడితె రుచొస్తది వదినె" అని గోడ జవాబు చెప్పేది.

అమ్మ చిరిగిన బట్టలన్నీ ఆ షెడ్డుకే పోయేవి. చేతులు తుడుచుకోవడానికి, నూనె తుడవడానికి మిస్త్రీలకు ఎన్ని గుడ్డలున్నా చాలవు. పాతచీరలను అమ్మ మూరెడు మూరెడు ముక్కలుగా చింపి, మూట కట్టి గోడ మీది నుంచి విసిరేది. బదులుగా ఆయన మా కిరసనాయిలు స్టవ్ బాగు చేసేవాడు. ఒక చీర సంగతి మాత్రం చెప్పాలి. బాపు ఒకసారి అమ్మను పత్తర్‌గట్టికి తీసుకుపోయి పసుపు చీర కొన్నాడు, పచ్చ అంచుది. అమ్మ పక్క దుకాణంలో గాజులు చూస్తూ ఉంది. బాపు చీర పొట్లం వెనక సీట్లో పెట్టి, బండి తోలుకొని నేరుగా ఇంటికి వచ్చేశాడు. చీర ఇంటికి వచ్చింది, అమ్మ రాలేదు. అమ్మ రిక్షాలో వచ్చేదాకా ఆయనకు గుర్తే లేదు. దాని మీద మిస్త్రీ కాక ఏళ్ళ తరబడి బస్తీ అంతా నవ్వించాడు. "చీరకు కిరాయి తీస్కున్నవా అన్నా?" అని అడిగేవాడు. అమ్మ ఆ చీరను ఉతికి ఉతికి, రంగు పోయేదాకా కట్టి, చివరికి అదీ చింపి మూటలో కట్టింది.

బాపు మతిమరుపు అంతటిది. మంచి డ్రైవరే, రోడ్డు మీద ఏదీ మర్చిపోడు. బండి దిగితే మాత్రం గొడుగు, చెప్పులు, పెళ్ళాం, అన్నీ ఎక్కడివక్కడే.

ఆయన టాక్సీ నల్లది, నెత్తిన పసుపు. బాపు చేతికి వచ్చేసరికే దాని వయసైపోయింది. ఇంజను సంగతి తెలియనివాళ్ళ కోసం కాక నాకు చెప్పినట్టే చెబుతాను. లోపల మండిన పెట్రోలు గాలి అంతా చక్రాలను తిప్పడానికే పోదు. పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు అరిగితే కొంత కిందికి, నూనె ఉండే కడుపులోకి జారుతుంది. అక్కడ అది ఉండిపోకూడదు. అందుకని ఇంజనుకు ఒక గొట్టం పెడతారు, దాన్ని బ్రీదర్ పైపు అంటారు. ఇంజను లోపలి పొగ అందులోంచి బయటికి పోతుంది. కొత్త బండికి కనబడీ కనబడనట్టు పోతుంది. మా బాపు బండికైతే బానెట్ లేపితే చాలు, హోటల్ పొయ్యి లాగా.

టాక్సీలకు ఏడాదికోసారి పాసింగు, అంటే రవాణా ఆఫీసు తనిఖీ, ఉండేది. ఇన్‌స్పెక్టరు బానెట్ లేపించి చూసినప్పుడు పొగ అట్లా ఎగజిమ్మితే, బోరింగు చేయించుకొని రమ్మని బండిని వెనక్కి పంపేవాడు. బోరింగు అంటే ఇంజను మొత్తం విప్పాలి. అన్ని రోజులు బండి లేకుండా ఏ డ్రైవరు ఇల్లు గడుస్తుంది? అందుకని పాత టాక్సీల వాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. పాసింగు గేటు బయట ఆగి, బ్రీదర్ పైపులో గుడ్డపేలిక కుక్కేవారు. ఆ కాసేపు పొగ లోపలే ఉంటుంది. పాసై బయటికి రాగానే పేలిక పీకి పారేయాలి. పీకకుండా రోడ్డెక్కితే మరిగే కుండకు మూత బిగించి కట్టినట్టే. లోపలి ఒత్తిడికి ఏ సందు దొరికితే ఆ సందులోంచి నూనె బయటికి తన్నుకొస్తుంది. అందరికీ తెలుసు, అందరూ చేసేవారు. తప్పని ఎవరూ అనుకునేవారు కాదు.

మా బండికి ప్రతి ఏడూ కాకే కుక్కేవాడు, కాకే పీకేవాడు. బాపు చేతికి ఆ పని ఇచ్చేవాడు కాదు. ఎందుకో చెప్పాను కదా.

ఆ ఏడు పాసింగు రోజునే ఆయన మేనకోడలి పెళ్ళి వచ్చింది. నేను అరుగు మీద కూర్చొని జడ వేసుకుంటుంటే కాక షెడ్డులోంచి తెల్లచొక్కా, తెల్లప్యాంటుతో వచ్చాడు. ఆయన్ని అంత తెల్లగా మేమెప్పుడూ చూడలేదు. "ఎవలీ పెండ్లికొడుకు" అని అమ్మ నవ్వింది. బండిలో గేటు దాకా పోయి, పేలిక కుక్కి, అక్కడి నుంచే బస్సెక్కి పెళ్ళికి పోతానన్నాడు. పీకే పని ఒక్కసారికి బాపుది. బండి ఎక్కుతూ కూడా, చొక్కాకు సీటు మరక అంటుతుందేమోనని కింద కాగితం పరుచుకున్నాడు. బాపు హారన్ కొట్టి పోయాడు. బాపు ఒళ్ళు బాగుండగా నేను చూసింది అదే చివరిసారి.

బండి పాసైంది. మధ్యాహ్నం పత్తర్‌గట్టిలో ఒక ముసలమ్మ ఎక్కింది, కొత్త పరుపుతో. ఫలక్‌నుమా గుట్ట ఎక్కే దగ్గర బానెట్ సందుల్లోంచి నల్లటి పొగ మొదలైంది. బాపు బండి ఆపి ముసలమ్మను దింపాడు. ఆమె ఏడుస్తుంటే పరుపు కూడా దింపాడు. తర్వాత పోయి బానెట్ లేపాడు. లోపల నూనె కారి, కాలుతున్న సైలెన్సరు గొట్టం మీద పడి, అప్పటికే అంటుకొని ఉంది. మూత లేపగానే గాలి తగిలి మంట ఒక్కసారిగా ఆయన మీదికి లేచింది.

ఆసుపత్రిలో బాపుకు చేతులు, ఛాతీ, గడ్డం కింద అంతా కట్లు. ఆ వాసన గురించి రాయను. మాట్లాడగలిగినప్పుడు ఆయన ఒకటే మాట చెప్పాడు.

"నేను తీసిన. గేటు దాటంగనే తీసిన."

ఎవరూ నమ్మలేదు. చూడటానికి వచ్చిన స్టాండు డ్రైవర్లు ఎదురుగా "అవునన్నా" అనేవారు, వరండాలోకి పోయి "గుడ్డ పీకుడు మర్చిండు, పాపం" అనేవారు. పీకిన గుడ్డ ఏదని ఎవరో అడిగారు. పారేశానన్నాడు బాపు. అమ్మ మనసులో మాట దాచుకునే మనిషి కాదు. ఏడుస్తూనే అరిచింది: "నన్నే పత్తర్‌గట్టిల మర్చినోనివి. గంత పేలిక యాదుంటదా నీకు?"

బాపు ఆ తర్వాత తీశానని అనలేదు. మర్నాడు పైకప్పు చూస్తూ "మర్చిన్నేమో" అన్నాడు. మళ్ళీ అన్నాడు: "నేనే మర్చిన్నేమో. మిమ్ముల రోడ్డు మీద పడేసిన."

ఆ మాట అన్నప్పుడు కాక మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. పెళ్ళి నుంచి నేరుగా వచ్చాడు, ఇంకా అదే తెల్లచొక్కా. ఆ మాట విని, ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్ళిపోయాడు.

కాలిన బండిని అప్పటికే తోసుకొచ్చి షెడ్డులో పెట్టారు. ఆ సాయంత్రం ఆయన బ్రీదర్ పైపు ఊడదీసి తీగతో లాగాడు. లోపల్నుంచి ఒక పేలిక వచ్చింది. దాన్ని చూసినవాళ్ళు ఎవరైనా ఏమనుకుంటారు? డ్రైవరు తియ్యలేదనే అనుకుంటారు. అది పదిమందికి చూపించి ఊరుకుంటే బాపు తప్పు రుజువైపోతుంది. పొయ్యిలో పడేస్తే అసలు మాటే ఉండదు. ఎటు చేసినా ఆయనకు వచ్చే నష్టం లేదు. మా బాపే తప్పు తన మీద వేసుకున్నాడు కదా.

మర్నాడు పొద్దున వార్డుకు వచ్చాడు. అమ్మ, నేను, భాయ్, ఇంకా ఇద్దరు డ్రైవర్లు ఉన్నాం. కాక బాపు తల దగ్గరికి పోయి వంగాడు. గట్టిగా, అందరికీ వినబడేటట్టే చెప్పాడు.

"అన్నా, రెండు పెట్టిన."

ఎవరికీ అర్థం కాలేదు.

"మొదటిది లోపటికి జారింది. దాన్ని తీద్దునంటె అంగికి నూనెంటుతదని తియ్యలే. పొగ ఆగలేదని దాని మీదికెళ్ళి ఇంకోటి కుక్కిన, గది ముందటిదాన్ని లోపట బిగించింది. బస్సొస్తున్నదని ఉరికిన. నీకు ఒకటే అని చెప్పిన. నువ్వు తీసినవ్ అన్నా. నువ్వు చెప్పింది నిజం. నేను జార్చింది లోపటనే ఉండిపోయింది."

జేబులోంచి ఆ పేలిక తీసి మడత విప్పాడు. విప్పుతూ అమ్మ వంక చూశాడు. చూసి గబుక్కున మళ్ళీ చుట్టి గుప్పిట్లో పెట్టుకున్నాడు. అది ఎందుకో అప్పుడు నాకు తోచలేదు. అంత మందిలో చూపించడానికి సిగ్గుపడ్డాడనుకున్నాను.

కట్ల మధ్య బాపుకు కదిలేవి కళ్ళొక్కటే. ఆ కళ్ళు అమ్మ కోసం వెతికాయి.

"ఇన్నవా?" అన్నాడు. "నేను తీసిన."

అమ్మ కాక గుప్పిటి వంకే చూస్తోంది. బాపు కాకతో అన్నాడు: "తెల్లంగి మంచిగుండెరా ఆ దినం నీకు." ఆ వారం దాటకముందే చనిపోయాడు. మతిమరుపుతో బండిని కాల్చుకున్నవాడిగా కాకుండా, చెప్పిన పని చేసినవాడిగా పోయాడు. ఆ తేడా ఎంతటిదో నేను చెప్పలేను. ఇప్పటికీ నాకు నిద్ర పట్టేది ఆ తేడా వల్లే.

దినాలు అయిన తర్వాత కాక మా ఇంటికి వచ్చాడు. అమ్మ గుమ్మంలోనే ఆపింది. "నా గడప తొక్కకు" అంది. ఆయన తల ఊపి పోయాడు. పదేళ్ళ పైమాటే, మళ్ళీ తొక్కలేదు. మా రేకులు ఎగిరిపోయిన వానాకాలంలో కూడా భాయ్‌ను పంపాడు తప్ప తాను రాలేదు. గుడ్డల మూట మళ్ళీ గోడ దాటలేదు. అమ్మ పాల వ్యాపారం పెట్టుకొని, రెండు బర్రెల వెనక పడి నన్ను చదివించింది. ఆమె నోట ఆయన మాట రాలేదు. కాకపోతే పాత బండి వచ్చినప్పుడల్లా అవతలి నుంచి రెండు దెబ్బలు వినబడేవి. అమ్మ లేచి కిటికీ మూసేది.

షెడ్డులో, వచ్చేవాళ్ళకు ఎదురుగా కనబడే చోట, కాక ఆ పేలికను మేకుకు తగిలించాడు. మసి పట్టి, నూనె గడ్డకట్టి నల్లగా వేలాడేది. కొత్తగా వచ్చిన డ్రైవరు ఎవరైనా అడిగేవాడు.

"గా గుడ్డేంది మిస్త్రీ, దిష్టికా?"

"కాదు. నేను ఒక మనిషి పానం తీసిన గుడ్డ."

ఇక మొత్తం చెప్పేవాడు. పెళ్ళి, తెల్లచొక్కా, జారిన పేలిక, బస్సు. ఒక్క ముక్క తగ్గించేవాడు కాదు, తనను వెనకేసుకొచ్చే మాట ఒక్కటి కలిపేవాడు కాదు. స్కూలు నుంచి వస్తూ ఆ గల్లీలో నేను ఎన్నిసార్లు విన్నానో. మొదట్లో చెవులు మూసుకొని పరుగెత్తేదాన్ని. మా బాపు చావును రోజూ బజారులో పెట్టి చెబుతాడేమిటి అని పళ్ళు కొరికేదాన్ని. మెల్లగా అర్థమైంది. ఆ కథ విన్న డ్రైవరు ఎవడూ ఇక ఆ షెడ్డులో పేలిక పెట్టమని అడగలేడు. అడిగినా ఆయన పెట్టడు.

దానికి ఫలితం అనుభవించాడు. పేలిక పెట్టని మిస్త్రీ దగ్గరికి పాసింగు ముందు ఎవరొస్తారు? ఆయన చేతి బండ్లు గేటు దగ్గర ఉన్న పొగ ఉన్నట్టు వదిలి, వెనక్కి వచ్చేవి. డ్రైవర్లు తిట్టిపోసేవారు. "నీ పాపానికి మేమెందుకు మాడాలె?" అని ఒకాయన షెడ్డు ముందరే ఉమ్మేసి పోవడం నేను చూశాను. చుట్టుపక్కల వేరే షెడ్లు నిండాయి, ఈయన షెడ్డు ఖాళీ అయింది. వాళ్ళావిడ బడిలో వంటకు కుదిరింది. ఆమె మా అమ్మను కొళాయి దగ్గర చూస్తే తల తిప్పుకునేది. ఆమె కోపం ఆమెది, తప్పని నేననను.

వచ్చిన ఒకటీ అరా బండికి మాత్రం ఆయన మొదట చేసే పని ఒకటే. బ్రీదర్ పైపు ఊడదీసి, నోరు పెట్టి ఊదేవాడు. గాలి అవతలికి పోతే తల ఊపేవాడు. మూతి చుట్టూ నల్లటి గుండ్రం మిగిలేది. గుడ్డతో తుడవొచ్చు కదా, తీగ పెట్టి చూడొచ్చు కదా అంటే "తీగ అబద్ధమాడుతది" అనేవాడు. ఆ మసి ఎంత మింగాడో ఆయనకే తెలియాలి. ఒకసారి బయటి నుంచి ఎవరిదో కొత్త బండి వచ్చింది. అందులో ఆ గొట్టాన్ని బయటికి వదలకుండా, ఇంజను గాలి పీల్చే చోటికే తిప్పి కలిపారు. ఇంజను తన పొగను తానే మళ్ళీ లోపలికి తీసుకొని మండిస్తుంది. కాక దాన్ని చాలాసేపు చూశాడు. "మంచి పని చేసిండ్రు. ఎవని పొగ వాడే మింగాలె" అన్నాడు.

ఆయన ఇంకో మాట నాకు బాగా గుర్తు. "నిప్పు లేంది పొగ రాదంటరు. పొగకు తొవ్వ లేకుంటె నిప్పొస్తది. అది ఎవ్వలు చెప్పరు."

నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది, ధైర్యం చేసి షెడ్డులోకి పోయి అడిగాను. "కాకా, నువ్వు చెప్పకుంటే ఎవరికీ తెలవకపోవు. ఎందుకు చెప్పినవ్?"

ఆయన పానా కింద పెట్టాడు. "మీ బాపు 'నేనే మర్చిన్నేమో' అన్నడు బిడ్డా. ఆ మాట ఇన్నంక నేను అన్నం ఎట్ల తినాలె?" అన్నాడు. అంతే. మళ్ళీ పానా అందుకున్నాడు. నేను ఆయన్ని కాక అని పిలవడం చాలా ఏళ్ళ తర్వాత అదే మొదటిసారి అని ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది. కోపం పోయిందని కాదు. కోపం ఉండగానే ఆ మనిషి మీద గౌరవం కూడా ఉండొచ్చని తెలిసింది.

పోయిన నెల ఆయన్ని ఆసుపత్రిలో చూశాను. ఛాతీ పూర్తిగా పాడైంది, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. ఒళ్ళు సగమైనా గోళ్ళ చుట్టూ నలుపు అట్లాగే ఉంది. నన్ను చూసి గొట్టం వైపు వేలు చూపించాడు.

"దీన్ని ఎవలన్న ఊది చూసిండ్రా?"

నవ్వబోతే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగాడు: "గోడ కొడితె మీ అమ్మ ఇంక కిటికీ మూస్తదా?"

"మూస్తది కాకా."

"అయితె ఇంటున్నది" అన్నాడు. అలసిపోయి కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆయన్ని ఇంటికి తీసుకొచ్చారు.

సోమవారం మధ్యాహ్నమే సమాధి చేశారు. పాస్టరు గారు మాట్లాడుతూ ఈయన దాపరికమే తెలియని మనిషి అన్నారు. పొగడ్తలంటే నాకు పడదు కానీ, ఆ ఒక్క మాటకు నేను కూడా తల ఊపాను. అమ్మ రాలేదు. పొద్దున నేను అమ్మ దగ్గరికి పోయి, తనను కూడా రమ్మంటే, "గోడ కొట్టక నెల దాటింది" అని మాత్రం అంది, బర్రెలకు నీళ్ళు పెడుతూ.

మట్టి వేసి, నేనూ భాయ్ జహనుమాకు తిరిగి వచ్చేసరికి ఇంట్లో అమ్మ లేదు. షెడ్డు తలుపు తీసి ఉంది. లోపల అమ్మ నిలబడి ఉంది. అన్నేళ్ళలో ఆమె ఆ షెడ్డులో అడుగు పెట్టడం అదే మొదటిసారి. మేకుకు వేలాడే పేలిక ఇప్పుడు ఆమె చేతిలో ఉంది.

"అమ్మా, ఇక్కడేం చేస్తున్నవ్?"

ఆమె పేలిక మడతలు విప్పసాగింది. నూనె గట్టిపడి అప్పడంలాగా పెళుసెక్కింది. పైన అంతా నలుపే. లోపలి మడత, మసి తగలని చోట, గుడ్డ ఇంకా గుడ్డలాగే ఉంది. పసుపు. దాని చివర పచ్చ అంచు.

నేను గుర్తుపట్టాను. పత్తర్‌గట్టి నుంచి అమ్మ లేకుండా ఇంటికి వచ్చిన చీర.

"ఆస్పత్రిల విప్పంగనే చూసిన" అంది అమ్మ. "నేను చూసుడు ఆయన చూసిండు. అందుకే ముడుసుకున్నడు. నేను చింపి ఇచ్చిన గుడ్డ. నా చేతులతోని ఇచ్చిన."

"అమ్మా..."

"నన్ను చెప్పనియ్యి. మీ బాపును మతిమరుపోడని అందరి ముందర అన్న. ఆయన తీసిండు. లోపట ఉన్నదేమో నా చీరె. గిది గూడ బయటపడితె నేనెట్ల బతకాలె? ఎవలకు చెప్తడో, ఎన్నడు చెప్తడో అని దినాం గోడకు చెవి పెట్టిన. దినాం గుడ్డ కథ చెప్పిండు. పెండ్లి చెప్పిండు, అంగి చెప్పిండు, బస్సు చెప్పిండు. చీరె మాట ఒక్కనాడు రాలే."

భాయ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "వందసార్లు విన్న బేటీ" అన్నాడు నాతో. "ఖుదా కసమ్, ఎన్నడు అనలే."

పాతగుడ్డ ఎవరైనా ఇస్తారమ్మా, అందులో నీ తప్పేముంది అనబోయాను. అన్నేళ్ళు గోడకు చెవి పెట్టిన మనిషికి ఆ మాట చాలా చిన్నది. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. బాపు కోసమో, కాక కోసమో, అవతలి నుంచి దెబ్బ పడగానే కిటికీ మూసి ఆ గోడకే ఆనుకొని నిలబడిన అమ్మ కోసమో తెలియదు.

అమ్మ పేలికను మళ్ళీ మడవలేదు. ఇంటికీ తేలేదు. మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపు చేసి, పచ్చ అంచు బయటికి కనబడేటట్టు తిప్పి, అదే మేకుకు తగిలించింది. తగిలించి రెండడుగులు వెనక్కి వచ్చి చూసింది. గోడలు, రేకులు, పనిముట్లు అన్నీ నల్లబడిన ఆ షెడ్డులో రంగు ఉన్నది అదొక్కటే.